సీమ పల్లెకు డాక్టరు: నూరేళ్ళుగా నడుస్తున్న ప్రయత్నం

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పల్లెల్లో నెలకు రెండుసార్లు 104 బండి వచ్చి ఊరి క్లినిక్ ముందు ఆగాలి. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు అందులోంచి దిగాలి. పొద్దున ఓపీ చూసి, మధ్యాహ్నం మంచం దిగలేని ముసలివాళ్ళ ఇండ్లకు పోవాలి. వీలు చూసుకుని బడికీ అంగన్‌వాడీకీ వెళ్ళి రావాలి. 'ఫ్యామిలీ డాక్టర్' అన్న పేరుతో 2022 అక్టోబరు 21న ప్రయోగాత్మకంగా మొదలైన ఈ పద్ధతిని, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి లాంఛనంగా ప్రారంభించారు. 2024లో ప్రభుత్వం మారింది. క్లినిక్ బోర్డుల మీద పేర్లూ మారాయి, ఇప్పుడవి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు. పథకం ఎవరిది, పేరు ఎవరిది అన్న రభస ఎట్లాగూ ఉంటుంది. అయితే పల్లెకు డాక్టరును రప్పించాలన్న ఆలోచన ఈ రెండు ప్రభుత్వాలకన్నా, అసలు ఆంధ్ర రాష్ట్రం కన్నా పాతది.

సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1924లో, జస్టిస్ పార్టీ ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. చదువుకున్న డాక్టరు పట్నం వదిలి పల్లెలో ప్రాక్టీసు పెట్టుకుంటే సర్కారు ఏటా కొంత సొమ్ము ఇస్తుంది. బదులుగా అతను పేదవాళ్ళను ఉచితంగా చూడాలి, ఉన్నవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోవచ్చు. ఉద్యోగం కాదు, బదిలీ లేదు. నా లెక్కలో, తర్వాత వచ్చిన ఏ పథకం కన్నా ఇదే ఫ్యామిలీ డాక్టరుకు దగ్గర. డాక్టరు ఊళ్ళో కాపురం ఉండటమే దాని షరతు.

ఆ పథకానికి ఊపిరి ఎల్ఎంపీలు. ఎంబీబీఎస్ కన్నా తక్కువ ఏండ్లు మెడికల్ స్కూల్లో చదివి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు వీళ్ళు. దేశంలో వైద్య ఏర్పాట్లు ఎట్లా ఉండాలో చెప్పమని 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇస్తూ, ఇక మీదట దేశంలో ఒకే రకం డాక్టరు ఉండాలని, ఎల్ఎంపీ చదువు ఆపేయాలని చెప్పింది. కమిటీలోనే కొందరు ఒప్పుకోలేదు. డాక్టర్లు ఇంత తక్కువగా ఉన్న దేశంలో ఉన్నదాన్ని మూసేస్తే ఎట్లా అని వాళ్ళు విడిగా రాసి పెట్టారు. వాళ్ళ మాట చెల్లలేదు. పల్లె రోగికి కూడా పట్నం డాక్టరు స్థాయి చదువే కావాలన్నది న్యాయమైన కోరిక. ఆ చదువు చదివినవాడు పల్లెకు వస్తాడన్న నమ్మకమే తేలిపోయింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది కూడా ఆ నివేదికతోనే మన దగ్గర వేళ్ళూనుకుంది. బ్రిటన్‌లో 1920లోనే డాసన్ నివేదిక అలాంటి కేంద్రాల గురించి చెప్పి ఉంది. భోర్ కమిటీ తక్షణ లెక్క ప్రకారం 40 వేల మందికి ఒక కేంద్రం, అందులో ఇద్దరు డాక్టర్లు, వాళ్ళకు తోడు ఊళ్ళు తిరిగే నర్సులూ మంత్రసానులూ ఉండాలి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకుకు ఒకటి చొప్పున పీహెచ్‌సీలు కట్టుకుంటూ పోయారు. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి పీహెచ్‌సీ, ఐదు వేల మందికి సబ్‌సెంటరు అన్న లెక్క తర్వాత స్థిరపడింది. భవనాలు లేచాయి, క్వార్టర్లు కూడా కట్టారు. ఆ క్వార్టర్లలో కాపురం ఉన్న డాక్టర్లు ఎందరో, ఏ మండలంలోనైనా పెద్దవాళ్ళను అడిగితే చెప్తారు. సాయంత్రం బస్సుకు ఆదోనికో, గుంతకల్లుకో, ప్రొద్దుటూరుకో పోయే డాక్టరే వాళ్ళకు గుర్తు.

డాక్టర్లను తయారుచేసే చోటు కూడా ఈ మూడు జిల్లాల్లో చాలాకాలం ఒక్కటే. రాజధాని 1956లో కర్నూలు వదిలి హైదరాబాదు పోయింది. మరుసటి ఏడు, 1957లో, కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది. అనంతపురం 2000 దాకా, కడప 2006 దాకా ఆగాల్సి వచ్చింది. నంద్యాలలో 2023లో మొదలైంది. అందాకా ఏ పెద్ద జబ్బు చేసినా కర్నూలు పెద్దాసుపత్రే దిక్కు. ఇప్పటికీ రాయచూరు వైపు నుంచి, గద్వాల నుంచి వచ్చే జనం అక్కడ ఓపీ చీటీ కోసం నిలబడతారు.

సర్కారు డాక్టరు నిలవని చోట నిలిచింది మిషన్ ఆసుపత్రి. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు జమ్మలమడుగులో నడిపిన క్యాంప్‌బెల్ ఆసుపత్రికి చుట్టుపక్కల తాలూకాల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. గుల్బర్గాలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి డాక్టరుగా మొదట పనిచేసింది అక్కడే. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరున ఆసుపత్రి పెట్టారు. ఆయనకు రూపాయి డాక్టరు అన్న పేరు వచ్చింది అక్కడే. అదే మనిషి ముఖ్యమంత్రి అయ్యాక తెచ్చినవి మాత్రం ఓపీ చూసే డాక్టరు పథకాలు కావు, ఆపరేషన్ల పథకాలు, అంబులెన్సులు. 108 బండ్లు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది, ఆ మూడింట్లో అనంతపురం ఒకటి.

ఆరోగ్యశ్రీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే గతి ఎన్నో ఇండ్లకు తప్పింది. కానీ అది గుండె పాడైన తర్వాత ఆదుకునే పథకం. పదేండ్ల ముందు బీపీ చూసి, ప్రతి నెలా మాత్ర అందించి, ఉప్పు తగ్గించమని కోప్పడే మనిషికి అందులో చోటు లేదు. డబ్బు ఆసుపత్రి వైపు నడిచింది, కార్డు పట్టుకుని రోగి కూడా అటే నడిచాడు.

ఆ లోటు తెలిసే కాబోలు, 2008లో 104 బండ్లు వచ్చాయి. పీహెచ్‌సీకి మూడు కిలోమీటర్ల కన్నా దూరాన ఉన్న ఊళ్ళకు నెలకొకసారి, చెప్పిన తేదీకి పోవాలన్నది ఏర్పాటు. గర్భిణులను చూడటం, బీపీ షుగరు మాత్రలు ఇవ్వడం పని. బండిలో ఏఎన్ఎం, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ ఉండేవాళ్ళు. డాక్టరు ఉండేవాడు కాదు! మాత్రలు అందేవి, వాటి మోతాదు పెంచాలా తగ్గించాలా అన్నది చెప్పేవాళ్ళు లేరు. తర్వాత నడిపే సంస్థలు మారాయి, 2016లో పేరు చంద్రన్న సంచార చికిత్స అయింది, 2020 జూలై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 బండ్లకు కొత్తగా జెండా ఊపారు. ఈ బండ్లలోకే 2022లో పీహెచ్‌సీ డాక్టరు ఎక్కాడు. ఫ్యామిలీ డాక్టర్ పథకంలో నిజంగా కొత్తది ఏదైనా ఉంటే అదే.

అనంతపురంలో ఇంకో దారి కూడా నడిచింది. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన సేవాసంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు), పై నుంచి డాక్టరును పంపడంతో కాకుండా ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలను చేయడంతో మొదలుపెట్టింది. బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆసుపత్రులు ఆ పునాది మీద నిలబడ్డవే. దేశమంతా ఆశా కార్యకర్తలు వచ్చింది 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ తర్వాత. ఈ జిల్లా ఆ సంగతి అప్పటికే చూసి ఉంది.

ఇన్ని పథకాల మధ్య పల్లె నిజంగా ఎవరి దగ్గరికి పోతోందంటే ఆర్ఎంపీ దగ్గరికి. రాత్రి పదకొండింటికి తలుపు తట్టినా లేస్తాడు. మీ నాయనకు ఆయాసం ఉందనీ, మీ అత్తకు షుగరనీ ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. డబ్బులు శెనక్కాయలు అమ్మినాక ఇచ్చినా ఊరుకుంటాడు. దగ్గర ఉండటం, ఎరిగి ఉండటం, అప్పుకు చూడటం: ఫ్యామిలీ డాక్టరుకు కావలసిన గుణాల్లో చదువు తప్ప అన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. ఆ లేని ఒక్కటి చిన్నది కాదు. మోకాళ్ళ నొప్పికి వేసే సూదిలో స్టెరాయిడ్ ఉంటే నొప్పి ఆ పూటకే మాయమవుతుంది, షుగరు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. నీరసం అంటే గ్లూకోజు, జ్వరం అంటే యాంటీబయాటిక్. ఆర్ఎంపీలకు శిక్షణ ఇచ్చి హద్దులు గీసి వాడుకుందామని వైఎస్ హయాంలో ఒక ప్రయత్నం మొదలైంది. డాక్టర్ల సంఘాలు ఇలాంటివాటికి ఎప్పుడూ అడ్డమే. వాళ్ళ అభ్యంతరంలో న్యాయం ఉంది. వాళ్ళు ఆ ఊరికి పోయి ఉండకపోవడంలో మాత్రం లేదు.

ఫ్యామిలీ డాక్టరు పద్ధతికి పుట్టిల్లు అనదగ్గ బ్రిటన్‌లో ఏం చేశారో ఒక మాట. అక్కడ 1911 బీమా చట్టంతో కార్మికులు ఒక డాక్టరు జాబితాలో పేరు రాయించుకోవడం మొదలైంది. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ వచ్చాక అది అందరికీ అయింది. డాక్టరుకు ఆదాయంలో పెద్ద భాగం జాబితాలోని మనుషుల లెక్కన వస్తుంది, సూదులు ఎన్ని వేశాడన్న లెక్కన కాదు. ప్రాణం మీదికి వస్తే తప్ప పెద్దాసుపత్రి స్పెషలిస్టు దగ్గరికి ఆ డాక్టరు ఉత్తరంతోనే పోవాలి. వేల్స్‌లో గ్లిన్‌కారగ్ అనే బొగ్గుగనుల ఊరిలో దశాబ్దాల పాటు ప్రాక్టీసు చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్, జబ్బని వచ్చినవాళ్ళతో ఆగకుండా తన జాబితాలోని పెద్దవాళ్ళందరికీ బీపీ చూశాడు. మంచి వైద్యం అవసరం ఎక్కువ ఉన్న చోటే తక్కువ దొరుకుతుందని 1971లో రాసింది ఆయనే. ఆ సూత్రానికి రుజువు కావాలంటే కోసిగిలోనో, రొళ్ళలోనో ఒక పూట కూర్చుంటే చాలు.

మన పద్ధతిలో జాబితా ఉంది, కానీ అది ఊరిది, డాక్టరుది కాదు. లెక్క కూడా బిగుతుగా ఉంది. రెండు నుంచి రెండున్నర వేల మందికి ఒక క్లినిక్. 30 వేల మంది పీహెచ్‌సీ కింద అలాంటివి పన్నెండు వేసుకున్నా, నెలకు రెండేసి సార్లంటే ఇరవై నాలుగు రోజులు. ఒక డాక్టరు నెలంతా బండిలోనే ఉండాలి, రెండో డాక్టరు పీహెచ్‌సీలో కూర్చోవాలి. వీళ్ళలో ఒకరు సెలవు పెట్టినా, కోర్టు సాక్ష్యానికి పోయినా, శిక్షణకు పిలిచినా ఏదో ఒక ఊరికి ఆ రోజు డాక్టరు రానట్టే. పైగా ఆ డాక్టరు అక్కడే ఉండిపోడు. ఎంబీబీఎస్ అయినవాళ్ళు పీహెచ్‌సీలో చేరడానికి ఒక ముఖ్య కారణం సర్వీసులో ఉన్నవాళ్ళకు పీజీలో ఉన్న కోటా. కొన్నేండ్లు చేసి సీటు తెచ్చుకుని వెళ్ళిపోతారు. 2025లో పీహెచ్‌సీ డాక్టర్లు సమ్మెకు దిగింది ఆ కోటా గురించే. వాళ్ళను తప్పుపట్టలేం. పల్లె వైద్యంలోనే పైకి ఎదిగే దారి, స్పెషలిస్టుకు ఉన్నంత గౌరవం, జీతం ఎవరూ వాళ్ళకు చూపలేదు. ఫ్యామిలీ మెడిసిన్ అనే పీజీ ఒకటి ఉందని మన జనంలో ఎందరికి తెలుసు?

కాబట్టి మిగతా రోజుల్లో క్లినిక్ నడిపేది సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు), ఊరి మాటలో నర్సమ్మ. బీఎస్సీ నర్సింగ్ చదివి, పైన ప్రత్యేక శిక్షణ తీసుకుని వచ్చిన మనిషి. బీపీ పుస్తకం రాసేది, ఫోన్లో ఈ-సంజీవని ద్వారా దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడించేది, ఎవరు రెండు నెలలుగా మాత్రలకు రాలేదో గుర్తుపట్టేది ఆమే. వీళ్ళూ 2025లో జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం సమ్మె చేశారు. ఫ్యామిలీ డాక్టరు అన్న బోర్డు కింద ఊరిని ఎరిగి కూర్చుని ఉన్నది ఆమె అయినప్పుడు, ఆమె బదిలీ గురించీ జీతం గురించీ ఊరు పట్టించుకోవాలి.

ఈ సేవలు వాడుకునేవాళ్ళకు తెలియాల్సినవి కొన్ని. పథకం ప్రారంభించినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం క్లినిక్‌లో 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు ఉండాలి. లేదంటే ఏది లేదో అడిగి రాయించాలి. డాక్టరు వచ్చే తేదీ ఆశాకు ముందే తెలుస్తుంది. పాత చీటీలు, ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రల పట్టీలు కూడా పట్టుకుపోవాలి. చాలామంది వాటిని సిగ్గుపడి దాస్తారు, డాక్టరుకు అన్నిటికన్నా అవసరమైనవి అవే. మంచంలో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఆ సంగతి నర్సమ్మకు ముందే చెబితే మధ్యాహ్నం తిరిగే ఇండ్లలో ఆ ఇల్లు చేరుతుంది.

అన్నిటికన్నా తెగని చిక్కు సుగ్గి, అంటే కోతల కూలికి పోయే వలస. కర్నూలు పడమటి మండలాల్లో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ళు ఏటా పత్తి, మిరప కోతలకు గుంటూరు దిక్కు కదిలిపోతాయి. అనంతపురం నుంచి బెంగళూరుకు, కేరళకు పోయేవాళ్ళు పోతూనే ఉంటారు. ఆ నెలల్లో డాక్టరు వచ్చే రోజున క్లినిక్ ముందు కనిపించేది ముసలివాళ్ళూ, వాళ్ళకు అప్పజెప్పిన పిల్లలూ. నలభై ఏండ్ల బీపీ మనిషి మిరప చేను గట్టున డేరాలో ఉంటాడు, మాత్రలు మొదటి నెలలోనే అయిపోయి ఉంటాయి. ఆభా నంబరు (మనిషి ఆరోగ్య వివరాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే అతని వివరాలు ఏ ఊరి క్లినిక్‌లోనైనా తెరుచుకోవాలన్నది ఉద్దేశం. ఆ చేను దగ్గరి క్లినిక్‌కు అతను పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. సుగ్గికి కదిలే ముందు వారం ఆ మండలాల్లో ప్రత్యేకంగా ఓపీ పెట్టి, తిరిగి వచ్చేదాకా సరిపడా మాత్రలు కట్టి పంపడం పీహెచ్‌సీ స్థాయిలోనే చేయగలిగిన పని. ఏ ఊరి నుంచి ఎవరు ఎప్పుడు కదులుతారో ఆశాలకు తెలుసు, కూలీలను కుదుర్చుకుపోయే మేస్త్రీలకు ఇంకా బాగా తెలుసు.