రేకు రోడ్డు మీద ఎంత స్పీడులో వెళ్లాలి?

అడిలైడ్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకుడు ఈ మధ్య ఇలా రాశాడు: "సార్, క్యాంపర్‌వ్యాన్ (పడక, వంట చోటు ఉన్న వ్యాన్) తీసుకుని ఒక్కణ్ణే ఊడ్నడాటా ట్రాక్ మీద వెళ్దామనుకుంటున్నాను. ఆ రోడ్డంతా గతుకులట. నెమ్మదిగా వెళ్తే బండి ఏ ముక్కకాముక్క ఊడిపోతుంది, ఎనభైలో పోనివ్వు అని ఇక్కడివాళ్లు చెబుతున్నారు. గతుకుల్లో స్పీడు తగ్గించాలని మా నాన్నగారు నాకు నేర్పారు. ఎవరి మాట వినాలి?"

ఈ ప్రశ్న చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ట్రాక్ మీద నేనూ ఒంటరిగా వెళ్లాను. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు బోర్డు మీద చెప్పిన అనునాదాన్ని, అదే రెజొనెన్స్‌ని, ఒంటితో తెలుసుకున్నది అక్కడే. కాబట్టి వీసా, లైసెన్సు, వంట సామాను సంగతులు ఇక్కడ రాయను. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కటి మాత్రం చూసుకోండి. అద్దెకిచ్చే మామూలు టూ వీల్ డ్రైవ్ వ్యాన్లను మట్టి రోడ్డు ఎక్కించకూడదని ఒప్పందంలో చాలాచోట్ల రాసి ఉంటుంది. ఎక్కిస్తే ఇన్సూరెన్స్ పనిచేయదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి తీసుకోవాలి, అందులో కూడా ఆ కాగితం చదివాకే సంతకం పెట్టాలి.

ఊడ్నడాటా ట్రాక్ అంటే దక్షిణ ఆస్ట్రేలియాలో మారీ నుంచి మార్లా దాకా సుమారు 620 కిలోమీటర్ల మట్టి రోడ్డు. 1980లో మూతపడిన పాత ఘాన్ రైలు మార్గం వెంటే పోతుంది. పట్టాలు పోయాయి గానీ వంతెనలు మిగిలాయి. నీల్స్ నది మీద ఆల్జెబకీనా వంతెన అర కిలోమీటరుకు పైగా పొడవుంటుంది, దాని కింద చాలాసార్లు చుక్క నీరుండదు. దారిలో కనిపించే ఉప్పు సరస్సు పేరు కాటీ తండా, అది అరబానా అనే ఆదివాసుల నేల. దాని అడుగు సముద్ర మట్టానికి దాదాపు 15 మీటర్లు కిందకు ఉంటుంది. 1960 జనవరి 2న ఊడ్నడాటాలో 50.7 డిగ్రీల ఎండ నమోదైంది. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ అంతకు మించింది లేదు, 2022లో ఆన్స్‌లో అనే ఊరు దాన్ని అందుకుంది, అంతే. అందుకే వెళ్లేవాళ్లు జూన్, జూలై, ఆగస్టులో వెళ్తారు. అక్కడ అది చలికాలం.

ఇక రోడ్డు సంగతి. పాఠకుడు 'గతుకులు' అన్నాడు గానీ, మనకు తెలిసిన గతుకులు వేరు. మన రోడ్డు మీద గుంత ఒకచోట ఉంటుంది, ఇంకోటి ఎక్కడో ఉంటుంది. ఇక్కడ అలా కాదు. రేకుల షెడ్డు మీద ముడతల రేకు చూశారా? ఆ రేకును పరిచి, దాని మీద మట్టి చల్లి, కనుచూపు మేర లాగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అక్కడివాళ్లు కారగేషన్స్ అంటారు, నేను రేకు రోడ్డు అంటాను. ఒక ముడతకూ ఇంకో ముడతకూ మధ్య అర మీటరు నుంచి మీటరు దాకా దూరం. ముప్పావు మీటరు అనుకుందాం. 620 కిలోమీటర్లూ ఇలాగే ఉంటే ఒక్కో చక్రం ఎనిమిది లక్షలకు పైగా ముడతలు దాటాలి. సగం రోడ్డే అలా ఉందనుకున్నా నాలుగు లక్షలు.

ఇంత వరసగా ఎవరు దువ్వారు? ఎవరూ కాదు, చక్రాలే. చదును చేసిన రోడ్డు మీద ఎక్కడో చిన్న రాయి ఉంటుంది. చక్రం దాని మీదికెక్కి గాల్లోకి లేస్తుంది. పడిన చోట మట్టిని నొక్కి, కొంత ముందుకు నెడుతుంది. అక్కడొక గుంట, దాని ముందొక గుట్ట. తర్వాత వచ్చే బండి ఆ గుట్ట మీద ఇంకాస్త ఎగురుతుంది, ఇంకాస్త గట్టిగా పడుతుంది. ఇలా ఒకదాని వెనక ఒకటి. ఆస్ట్రేలియాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త కీత్ మాథర్ 1963లోనే దీని మీద తన ప్రయోగాలను ప్రచురించాడు. 2007లో స్టీఫెన్ మోరిస్, నికొలా టాబెర్లే, జిమ్ మెకెల్వేన్ దీన్ని ఇంకా లోతుగా చూశారు. గుండ్రంగా తిరిగే బల్ల మీద ఇసుక పోసి, పైకీ కిందికీ కదలగలిగే ఒక చక్రాన్ని దాని మీద వదిలారు. కొన్ని చుట్లు తిరిగేసరికి ముడతలు వచ్చేశాయి. ఆశ్చర్యం ఏమిటంటే, చక్రానికి స్ప్రింగు లేకపోయినా వచ్చాయి. చక్రం తీసేసి నాగలి కర్రులాంటి పలకను ఈడ్చినా వచ్చాయి. అంటే తప్పు సస్పెన్షన్‌ది కాదు, టైరుది కాదు, డ్రైవరుది కాదు. వదులుగా ఉన్న మట్టి మీద ఒక బరువు ఒక స్థాయి దాటిన వేగంతో పోతే ముడతలు పుట్టి తీరతాయి. ఆ స్థాయికి లోపల పోతే చక్రం ఉన్న ముడతల్ని కూడా చదును చేస్తుంది. కానీ మామూలు బండ్లు వెళ్లే వేగాల కంటే ఆ స్థాయి చాలా తక్కువ. 620 కిలోమీటర్లు అలా ఎవరు వెళ్తారు?

ఇదంతా మీకు చిన్నప్పుడే తెలుసు. చెరువు గట్టున నిలబడి చిల్లపెంకు విసిరి ఎన్ని గెంతులేస్తుందో లెక్కపెట్టలేదా? నెమ్మదిగా విసిరితే బుడుంగున మునుగుతుంది. ఒక వేగం దాటితే నీళ్లను తట్టుకుంటూ పైకి లేస్తుంది. నీటికి 20 డిగ్రీల వంపులో పెంకు తగిలితే బాగా గెంతుతుందని 2004లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. ఇసుక మీద చక్రం గెంతడానికి, నీటి మీద పెంకు గెంతడానికి లెక్క దగ్గర దగ్గరగా ఒకటేనని మోరిస్ బృందం చూపించింది. తేడా ఒక్కటే. నీరు దెబ్బను మరచిపోతుంది. మట్టి గుర్తుపెట్టుకుంటుంది, గుర్తుపెట్టుకున్నదాన్ని తర్వాతి బండికి అప్పజెబుతుంది.

ఇప్పుడు పాఠకుడి ప్రశ్న. కాగితం, పెన్ను తీసుకోండి, ఈ లెక్క చేతులతో చేస్తేనే సంతోషంగా ఉంటుంది.

ముడతల మధ్య దూరం ముప్పావు మీటరు. గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు 8.3 మీటర్లు. భాగిస్తే సెకనుకు 11 దెబ్బలు, అంటే 11 హెర్ట్జ్. గంటకు 80లో వెళ్తే సెకనుకు 30 దెబ్బలు. బండిలో చక్రం, ఇరుసు ఒక బరువు. టైరులోని గాలి ఒక స్ప్రింగు. ఆ స్ప్రింగు మీద ఆ బరువుకు తనదైన ఒక ఊపు ఉంటుంది, దాన్నే సహజ పౌనఃపున్యం అంటాం. చాలా బండ్లకు ఇది 10 నుంచి 15 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 12 అనుకుందాం. చూశారా? నాన్నగారు చెప్పినట్టు ముప్ఫైలో నెమ్మదిగా వెళ్తే, రోడ్డు కొట్టే దెబ్బల లెక్క సరిగ్గా చక్రం సొంత ఊపు దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఉయ్యాల ఊగుతున్న పిల్లను ప్రతిసారీ సరైన క్షణంలో తోసినట్టు, ప్రతి ముడతా చక్రాన్ని ఇంకాస్త పైకి తోస్తుంది. పళ్లు కటకటలాడతాయి, స్టీరింగ్ చేతిలో నిలవదు, వెనక గిన్నెలు సొరుగులు తెంచుకుని బయటికొస్తాయి. గుంతకు లయ లేదు, అందుకే అక్కడ నాన్నగారి మాట నూరు శాతం నిజం. రేకు రోడ్డుకు లయ ఉంది. అందుకే ఇక్కడ ఆయన మాట చెల్లదు.

ఇంకా ముందుకు వెళ్దాం. దెబ్బల పౌనఃపున్యాన్ని సహజ పౌనఃపున్యంతో భాగించండి. వచ్చినదాన్ని వర్గం చేసి, అందులోంచి ఒకటి తీసేసి, దానితో ఒకటిని భాగించండి. రోడ్డు ముడతలో ఎంత భాగం చక్రం కదులుతుందో తెలుస్తుంది. షాక్ అబ్జార్బర్ ప్రభావం వదిలేసిన ముతక లెక్క ఇది, అయినా దారి చూపిస్తుంది. ఎనభైలో: ముప్ఫైని పన్నెండుతో భాగిస్తే 2.5. వర్గం 6.25. ఒకటి తీస్తే 5.25. అంటే ఐదో వంతు! రోడ్డు 25 మిల్లీమీటర్లు పైకి లేస్తుంటే చక్రం లేచేది 5 మిల్లీమీటర్లే. గుట్టల తలల మీదుగా బండి తేలిపోతుంది. ఈ భాగం ఒకటి కంటే తక్కువ అవ్వాలంటే నిష్పత్తి రెండు వర్గమూలాన్ని, అంటే 1.41ని దాటాలి. 12 హెర్ట్జ్‌కి అది 17 హెర్ట్జ్, ముప్పావు మీటరు ముడతల మీద గంటకు 46 కిలోమీటర్లు. ముల్లు నలభై ఐదు దాటుతుండగా బండి ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు కుదుటపడడం నాకు బాగా గుర్తు. పుస్తకంలో గీత గీసి చూపించే చోటు అదే. మన ఇంటర్ పుస్తకాల్లో రెజొనెన్స్ అనగానే వంతెన మీద కవాతు చేసే సైనికుల కథ చెప్పి వదిలేస్తాం. ఊపు అన్నిటికంటే ఎక్కువయ్యే ఆ శిఖరాన్ని పిల్లలు బట్టీ పడతారు. శిఖరం దాటాక అవతల వైపు ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఎవరూ చెప్పరు. యంత్రాల కింద రబ్బరు దిమ్మెలు పెట్టేది ఆ అవతలి వైపుకు పోవడానికే.

అయితే ఎనభైలో పోవడమేనా? ఆగండి. చక్రం కదలడం లేదంటే గుట్టకీ గుట్టకీ మధ్య లోయలోకి అది దిగడం లేదన్న మాట. టైరు బండి బరువుకు 25 మిల్లీమీటర్ల దాకా నొక్కుకుని ఉంటుందనుకోండి. 25 మిల్లీమీటర్ల ముడత లోయ వచ్చినప్పుడు టైరు మొత్తం విప్పుకున్నా నేలకు అంతంతమాత్రంగా తగులుతుంది. ఒక్కోసారి తగలదు. గాల్లో ఉన్న టైరుకు బ్రేకు లేదు, స్టీరింగ్ లేదు. హాయిగా ఉందని మలుపులో కూడా అదే స్పీడులో పోతే బండి పక్కకు జారి బోల్తా పడుతుంది. అందులోనూ ముడతలు ఎక్కువ లోతుగా ఉండేది మలుపుల ముందు, ఎత్తుల మీద, అంటే అందరూ బ్రేకు వేసే చోట, యాక్సిలరేటర్ తొక్కే చోట. క్యాంపర్‌వ్యాన్ పైన బరువు ఎక్కువ. ఒంటరిగా ఉన్నవాడు ఎక్కువ భయపడాల్సింది దీనికే.

దారి టైరులోనే ఉంది. 40 పీఎస్ఐ గాలిని 28కి దించండి. టైరు స్ప్రింగు దాదాపు 30 శాతం మెత్తబడుతుంది. బరువు అదే కాబట్టి సహజ పౌనఃపున్యం 12 నుంచి 10కి దిగుతుంది. ఇప్పుడు డెబ్బైలో వెళ్లండి: 26 హెర్ట్జ్, నిష్పత్తి 2.6, వర్గం 6.8, ఒకటి తీస్తే 5.8. ఆరో వంతు! గట్టి టైరుతో ఎనభైలో వచ్చిన దానికంటే మెత్తటి టైరుతో డెబ్బైలో ప్రయాణం హాయిగా ఉంటుంది. పైగా మెత్తటి టైరు బరువుకు ఎక్కువ నొక్కుకుంటుంది, కాబట్టి లోయలోకి ఎక్కువ దూరం చేయి చాస్తుంది, పట్టు పెరుగుతుంది. ఒక్క గాలి తీయడంతో రెండు లాభాలు. మెత్తటి టైరు వంగి వంగి వేడెక్కుతుంది గనక స్పీడు పెంచకూడదు, అది మన లెక్కకు ఎలాగూ సరిపోతుంది. నా బండికి నడిచిన అంకెలివి. మీ బండి బరువును బట్టి మారతాయి, టైరు మీద రాసిన హద్దులు చూసుకోండి.

షాక్ అబ్జార్బర్ల మాట కూడా చెప్పాలి. సెకనుకు పాతిక సార్లు అటూ ఇటూ నలిగే నూనె వేడెక్కి పలచబడుతుంది, పనిచేయడం మానేస్తుంది. అందుకే గంటకోసారి ఆగాలి. ఆగినప్పుడు బండి చుట్టూ తిరిగి ప్రతి నట్టూ చూడాలి. నట్టు వదులయ్యేది అది బిగించిన దిశలో లాగినందువల్ల కాదు, అడ్డంగా అటూ ఇటూ జరిగినందువల్ల అని 1969లో గెర్హార్డ్ యుంకర్ చూపించాడు. అడ్డంగా జరిగిన ప్రతిసారీ నట్టు, బోల్టుల మరచుట్ల మధ్య రాపిడి ఒక్క క్షణం సడలుతుంది, ఆ క్షణంలో నట్టు వెంట్రుకవాసి తిరుగుతుంది. నాలుగు లక్షల సార్లు వెంట్రుకవాసి. నా బండికి మంచినీళ్ల ట్యాంకు పట్టీ ఇలాగే వదులైంది. పక్కన ఇంకొకరుంటే చప్పుడు విని ఉండేవారు. ఒక్కడే నడుపుతున్నప్పుడు చెవులు రోడ్డు మీదే ఉంటాయి. ట్యాంకు జారి పగిలి ఉంటే, రోజుకు పది లీటర్ల చొప్పున నింపుకున్న నీళ్లన్నీ ఎర్రమట్టి తాగేసేది. అప్పటి నుంచి సగం నీళ్లు విడిగా క్యాన్లలో పెట్టాను.

సెల్‌ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. అరచేతిలో పట్టే బీకన్ ఒకటి పెట్టుకోవాలి. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహాలకు పిలుపు వెళ్తుంది, అక్కడి నుంచి కాన్‌బెర్రాలోని రక్షణ కేంద్రానికి. నొక్కాక బండిని వదిలి ఎక్కడికీ నడవకూడదు. పైనుంచి వెతికేవాళ్లకు మనిషి కంటే వ్యాను చాలా పెద్దగా కనిపిస్తుంది.

రాత్రుళ్ల గురించి ఒక మాట. ఒంటరిగా పడుకున్నప్పుడు దూరంగా ఒక దీపం తేలుతూ, ఆగుతూ, వెంబడిస్తున్నట్టు కనిపించవచ్చు. క్వీన్స్‌లాండ్‌లో బౌలియా ఊరి చుట్టూ వీటిని మిన్ మిన్ దీపాలంటారు. మన పల్లెల్లో అయితే కొరివి దెయ్యం అని తలుపులు వేసుకుంటాం. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ పెటిగ్రూ 2003లో దీనికి కారణం ప్రచురించాడు. రాత్రి నేల చల్లబడి, నేలను ఆనుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. ఆ పొరల మధ్య కాంతి భూమి వంపు వెంట వంగి వస్తుంది. ఆయన పది కిలోమీటర్ల అవతల, చూపుకు అందని చోట కారు లైట్లు వేయించి, ఆ వెలుగు గాల్లో తేలడం చూపించాడు. దీపం కనిపిస్తే దణ్ణం పెట్టనక్కర్లేదు. ఎక్కడో ఒక లారీ వస్తోందని తెలుసుకుంటే చాలు. అది రోడ్ ట్రెయిన్, అంటే వెనక ట్రెయిలర్లు తగిలించిన 53 మీటర్ల లారీ అయితే దాని దుమ్ము తగ్గేదాకా పక్కకు తీసి ఆగండి.

మార్లాలో తారు రోడ్డు తగిలింది. చెవుల్లో హోరు ఆగడానికి చాలాసేపు పట్టింది. టైర్లలో గాలి నింపడానికి కంప్రెసర్ పెట్టాను గానీ, వేడి టైరు అబద్ధం చెబుతుంది. 40 పీఎస్ఐ దగ్గర టైరు పది డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అందుకని ఆ పూటకు సరిపడా నింపి, మర్నాడు ఎండ ఎక్కకముందే గేజ్ పెట్టి నాలుగూ మళ్లీ చూసుకున్నాను. నాలుగింటికీ ఇంకా గాలి పట్టాల్సి వచ్చింది.