బెజవాడలో పేదల ఇళ్లు: నిర్ణయాలు ఎక్కడ జరిగాయి?

విజయవాడ కార్పొరేషన్ కౌన్సిల్‌లో ఏళ్ల తరబడి నలుగుతున్న విషయాలు మూడు: ఇంటిపన్ను, ప్లాన్ అనుమతులు, పేదల ఇళ్లు. వాటి మీద నినాదాలు, వాకౌట్లు చాలానే చూశాం. కానీ ఈ మూడింటిలో దేని మీదా చివరి మాట ఆ హాల్లో కూర్చున్న వాళ్లది కాదు.

ఊరు 1888లో మునిసిపాలిటీ అయింది, 1981లో కార్పొరేషన్. అంతకు మూడేళ్ల ముందే, 1978లో, విజయవాడ - గుంటూరు - తెనాలి - మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ (ఉడా) ఏర్పడింది. అంటే కార్పొరేషన్ పుట్టేనాటికే ఏ భూమిలో ఏం కట్టాలో తేల్చే పని ఉడాకు వెళ్లిపోయింది. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 12వ షెడ్యూలులో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక. కాగితం మీద అది నగరపాలక సంస్థలకు చెందాల్సిన పని. ఇక్కడ మాత్రం 2014 డిసెంబరులో ఉడా స్థానంలోకి ముఖ్యమంత్రి అధ్యక్షతన రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) వచ్చింది. నగరం నుంచి అధికారం ఇంకో మెట్టు పైకి పోయింది.

ఈలోగా పేదలు తమ దారి తాము చూసుకున్నారు. దక్షిణాన కృష్ణ, పడమర కొండలు, ఊరి మధ్యలో బందరు, ఏలూరు, రైవస్ కాలవలు. మిగిలిన కాస్త పల్లపు నేల కొనే స్తోమత లేనివాళ్లు విద్యాధరపురం, మొగల్రాజపురం కొండలెక్కారు, కాలవగట్ల మీద, కృష్ణలంక దిగువన ఏటి అంచున ఇళ్లు వేసుకున్నారు. స్టేషను, మార్కెట్లు, ఆటోనగర్ అందుబాటులో ఉండే చోటే వాళ్లకు కావాలి. పని దగ్గరుంటేనే ఇల్లు గడుస్తుంది. మెట్లు, కుళాయిలు, కరెంటు ఒక్కొక్కటిగా వచ్చాయి. పట్టా మాత్రం చాలామందికి ఎన్నికల హామీగానే మిగిలింది.

ప్రభుత్వం కట్టిన ఇళ్ల కథ ఉత్తరం వైపు సాగింది. 2001లో కేంద్రం తెచ్చిన వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన కింద వచ్చిన ఇళ్లకు సింగ్‌నగర్‌లో ఆ పథకం పొట్టిపేరుతో వాంబే కాలనీ అనే పేరే నిలిచిపోయింది. 2005 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన పట్టణాల పథకం జేఎన్ఎన్‌యూఆర్ఎంకు విజయవాడ ఎంపికయ్యాక జక్కంపూడిలో వైఎస్సార్ కాలనీ లేచింది. ఎందుకు ఆ వైపే? నగరంలో భూమి ప్రియం, అటు చవక. చవక కావడానికి కారణం బుడమేరు.

బుడమేరు కొండవాగుల నీళ్లు కలుపుకొని కొల్లేరుకు పోయే ఏరు. వరద నగరం మీద పడకుండా వెలగలేరు రెగ్యులేటరు దగ్గర ఆపి, డైవర్షన్ కాలవ ద్వారా కృష్ణలోకి మళ్లించే ఏర్పాటుంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ నీటికి పోయే దారి ఉండదు. 2005లో ఇది ఒకసారి అనుభవమైంది. అయినా ఆ పల్లంలో కాలనీలు, లేఅవుట్లు పెరుగుతూనే వచ్చాయి. 2024 సెప్టెంబరు 1న ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వస్తున్న సమయంలోనే బుడమేరు కాలవకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, జక్కంపూడి రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. దానికి ముందురోజే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. సొంతంగా గూడు కట్టుకున్న పేదల కొండ, ప్రభుత్వం చూపించిన పల్లం, రెండూ ఒకే వానకు దెబ్బతిన్నాయి. మొదటిదాన్ని ఆక్రమణ అన్నాం. రెండోదానికి స్థలం ఎంచింది ప్రభుత్వమే. ఆ ఎంపికకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పకపోవడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తప్పు.

జేఎన్ఎన్‌యూఆర్ఎం తరవాత, ఆ వరదకు ముందే, రాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ టిడ్కో ఫ్లాట్లు వచ్చాయి: 300, 365, 430 చదరపు అడుగులవి. జక్కంపూడిలోవి ప్రభుత్వాలు మారడంతో మధ్యలో ఆగాయి.

ఇక అమరావతి. రాజధాని కోసం రైతుల నుంచి సమీకరించిన భూమిలో కనీసం 5 శాతం పేదల ఇళ్లకు ఇవ్వాలని సీఆర్‌డీఏ చట్టమే చెప్పింది. 2022లో చట్టం సవరించి, 2023 మార్చిలో మాస్టర్ ప్లాన్‌లో పేదల ఇళ్ల కోసం ఆర్5 అనే కొత్త జోన్ చేర్చారు. విజయవాడ, గుంటూరు వైపు పేదలు 50 వేల మందికి పైగా, తలా ఒక సెంటు. భూములిచ్చిన రైతులు తమతో కుదిరిన ఒప్పందం చెడిందని కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు పట్టాలు ఇవ్వనిచ్చింది, హక్కు తుది తీర్పుకు లోబడే ఉంటుందని షరతు పెట్టింది. మే నెలలో పట్టాలు పంచారు. ఆగస్టు 3న హైకోర్టు ఇళ్ల నిర్మాణంపై స్టే ఇచ్చింది. 2024లో వచ్చిన ప్రభుత్వం పాత మాస్టర్ ప్లానుకే తిరిగి వెళ్లి, వీళ్లకు వేరేచోట చూపిస్తామంది. రైతుల వాదనలో న్యాయముంది. పేదల అవసరమూ నిజమే. 5 శాతం నేల ఎక్కడో మొదటి ప్లానులోనే గీత గీసి చూపించి ఉంటే ఈ రెండు వర్గాలూ కోర్టు మెట్ల మీద ఎదురుపడేవి కావు.

సొంతిల్లు రానివాళ్లు అద్దెకుంటారు. పన్ను కథ అక్కడ కలుస్తుంది. ఇళ్లకు 2002 నుంచి, వాణిజ్య భవనాలకు 2007 నుంచి 2020 దాకా పన్ను సవరించలేదు. 2020లో కోవిడ్ వేళ రాష్ట్రాలకు అదనపు అప్పు కావాలంటే ఇంటిపన్నును భూమి విలువతో ముడిపెట్టాలని, నీటి, డ్రైనేజీ చార్జీలు పెంచాలని కేంద్రం షరతు పెట్టింది. ఆ నవంబరులో రాష్ట్రం చట్టం మార్చి 196, 197, 198 జీవోలిచ్చింది. పన్ను లెక్కకు ఇంటి అద్దె విలువ పోయి, స్థలం, కట్టడం విలువ కలిపిన మూలధన విలువ వచ్చింది. ఇళ్లకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదు. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏటా 50 రూపాయలే అన్నారు, అది మంచి మాటే. కానీ మేడ మీద గది అద్దెకు తీసుకున్న కూలీకి ఆ రాయితీ చేరదు. యజమాని మీద పడ్డ పెంపు అద్దెలో కలుస్తుంది. 2021 మార్చిలో ఎన్నికైన కౌన్సిల్ ముందుకు ఈ పన్ను వచ్చేసరికే చట్టం, జీవోలు, పరిధులు అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

ఇప్పుడు ఆర్5 లబ్ధిదారులకు ప్రత్యామ్నాయ స్థలాలు ఎంచాలి. ఆ జాబితా ఖరారు కాకముందే కౌన్సిల్ ఎజెండాలోకి రావాలి, ఒక్కో సర్వే నంబరు పక్కన 2024లో అక్కడ ఎన్ని అడుగుల నీరు నిలిచిందో రాసి ఉండాలి.