‘అతనికి ఏం కావాలో నాకు తెలుసు’ అనే సూపర్‌వైజర్లకు

అపోహ: ఎవరికి ఏది ముఖ్యమో ఒకసారి తెలుసుకుంటే చాలు.

మందుల ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ పని చేసే నాకు అన్నిటికన్నా తలనొప్పి తెచ్చేది ఇదే. ఫలానా కెమిస్టుకు డబ్బు మీదే ధ్యాస, ఫలానా ఆపరేటర్‌కు పేరు కావాలి అని చేరిన కొత్తలోనే ముద్ర వేస్తారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ చెరపరు.

మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు తీర్చడానికి నైట్ షిఫ్టులు అడిగి మరీ వేయించుకునేవాడు, అలవెన్సు వస్తుందని. అప్పు తీరింది. తనకూ పెళ్లయింది, బిడ్డ పుట్టింది. సూపర్‌వైజర్ మాత్రం మేలు చేస్తున్నాననుకుని నైట్లు అతనికే రాస్తూ పోయాడు. నోరు తెరిచి అడిగి తెచ్చుకున్న షిఫ్టును వద్దనడానికి ఇతనికి మొహమాటం. లాగ్‌బుక్ ఎంట్రీలు ఆలస్యం కాసాగాయి. మా రంగంలో అది చిన్న తప్పు కాదు. పని చేసినప్పుడే రాయాలి, తర్వాత గుర్తు చేసుకుని రాస్తే ఆడిటర్ ఊరుకోడు. ‘బద్ధకం పట్టింది, ఇంక్రిమెంటు కాస్త పెంచితే దారికొస్తాడు’ అంటూ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. పిలిచి మాట్లాడితే అతను అడిగినవి రెండే: జనరల్ షిఫ్టు (పగటి పని), మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద మెథడ్ వాలిడేషన్, అంటే పరీక్ష పద్ధతి సరైన ఫలితమే ఇస్తుందని రుజువు చేయడం, నేర్చుకునే అవకాశం. రెండూ ఇచ్చాం. ఎంట్రీలు మళ్లీ వేళకు పడ్డాయి.

వాస్తవం: ఇంటి అప్పు, తండ్రి అనారోగ్యం, పిల్లల పదో తరగతి, ఏళ్ల తరబడి ఒకే యంత్రం ముందు నిలబడ్డ విసుగు... వీటిలో ఏది వచ్చినా మనిషికి పని నుంచి కావలసింది మారుతుంది. మరి ఎప్పుడు అడగాలి? అప్రైజల్ రోజున మాత్రం వద్దు. ఆ రోజు ఎవరి నోటి నుంచైనా వచ్చేది జీతం మాటే. మామూలు రోజుల్లో, టీ తాగుతూ అడగండి. ‘నీకేం కావాలి’ అంటే ‘ఏం లేదు సార్’ అంటారు. ‘ఈ మధ్య ఏ పని భారంగా ఉంది?’ అని అడిగితే చెబుతారు.

అపోహ: కాన్పు సెలవు నుంచి వచ్చినవారికి తేలిక పని అప్పగించడమే దయ.

అడగకుండా చేసే దయ ఇది. కాన్పు సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు, 50 మంది లేదా అంతకు మించి ఉన్నచోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) వచ్చాయి. నన్ను క్రెష్ గురించి అడిగినవారే ఎక్కువ, బాధ్యత తగ్గించమన్నవారు అరుదు.

అపోహ: అవసరాలు పిరమిడ్ మెట్ల వరసలోనే వస్తాయి, ముందు తిండి, భద్రత, ఆ పైన గౌరవం.

ట్రైనింగుల్లో చూపే ఆ పిరమిడ్ బొమ్మ, దానికి మూలమని చెప్పే మనస్తత్వవేత్త మాస్లో 1943 నాటి వ్యాసంలో లేనే లేదు. ఆ వరస అందరికీ ఒకేలా ఉండదని ఆయనే రాశారు. ఆ బొమ్మను ఇక వదిలేద్దాం.

అపోహ: అవసరం మారిందని చెబితే ఫైల్లో ఎక్కిస్తారు, ప్రమోషన్ పోతుంది.

క్యాంటీన్‌లో పుట్టి షిఫ్టు బస్సులో పెరిగే పుకారు ఇది. భయం మాత్రం నిజం. ముఖం మాడ్చుకునే బాసులు లేరని నేననను. అందుకే ఉద్యోగులకు నా మాట: చెప్పే తీరు చూసుకోండి. ‘నైట్లు చేయలేను’ అనకండి. ‘మార్చి దాకా జనరల్ షిఫ్టు కావాలి, ఆ తర్వాత మళ్లీ మాట్లాడదాం’ అనండి. గడువు ఉంటే ఒప్పుకోవడం వారికీ సులువు. మాటగా చెప్పాక రెండు వాక్యాల మెయిల్ కూడా పెట్టండి. మీ సూపర్‌వైజర్ బదిలీ అయితే కొత్తాయనకు చూపించడానికి అదొక్కటే ఉంటుంది.