చీమలు పట్టని చక్కెర

నాలుగు వానలు పడ్డాక ఏ అడవికైనా వెళ్ళి, నేల మీది ఆకులను కాస్త పక్కకి తోసి చూడండి. పైన ఉన్నవి ఇంకా ఆకుల్లాగే ఉంటాయి. రెండు పొరల కింద అవే ఒకదానికొకటి అతుక్కుపోయి, మధ్యలో తెల్లటి దారాల్లాంటి బూజు అల్లుకుని ఉంటుంది. ఇంకా కిందికి పోతే ఆకు ఆనవాలే ఉండదు, నల్లటి మట్టి. ఆకు కుళ్ళి మట్టిలో కలుస్తుందని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. నిజమే, కాకపోతే అడవి నేలకు కర్బనం చేరే దారి అదొక్కటే కాదు.

రెండో దారి బతికున్న వేళ్ళది. ఆకు ఎండలో తయారు చేసిన చక్కెర ఎక్కువగా సుక్రోజ్ రూపంలో, అంటే మనం టీలో వేసుకునే పంచదారగానే, బెరడు లోపలి పొరలోంచి కిందికి దిగుతుంది. వేళ్ళు కొంత వాడుకుంటాయి, కొంత మట్టిలోకి వదులుతాయి, కొంత తమను అల్లుకున్న శిలీంధ్రాలకు ఇస్తాయి. బదులుగా అవి నత్రజని, భాస్వరం తెచ్చిపెడతాయి. ఈ వేరు-బూజు జోడీకి 1885లో 'మైకోరైజా' అని పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఫ్రాంక్. అసలు ఆయనకు అప్పగించిన పని ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును ఎలా పెంచాలో చూడమని!

ఇలా దిగే చక్కెర ఎంత? ఉత్తర స్వీడన్‌లోని ఒక పైన్ అడవిలో పీటర్ హోగ్‌బెర్గ్ బృందం చెట్ల మొదళ్ళ చుట్టూ బెరడును ఉంగరంలా ఒలిచేసింది. నీళ్ళు పైకెక్కే దారి లోపలి కలపలో ఉంటుంది కాబట్టి చెట్టు వెంటనే వాడిపోదు. చక్కెర మాత్రం ఆ ఉంగరం దగ్గరే ఆగిపోతుంది. ఐదు రోజుల్లోనే నేలలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 37 శాతం దాకా పడిపోయింది. ఒకటి రెండు నెలలకు తగ్గుదల 54 శాతానికి చేరింది. 2001లో ఈ లెక్కలు బయటికొచ్చాయి. పాత ఆకులు కుళ్ళడం ఐదు రోజుల్లో అంతగా మందగించదు కదా. నేల వదిలే ఊపిరిలో దాదాపు సగం, చెట్టు ఈమధ్యే కిందికి పంపిన చక్కెరదన్నమాట.

మరి అంతా ఊపిరై గాల్లోకి పోతే మట్టిలో మిగిలేదేమిటి? విడిగా దొరికిన గ్లూకోజ్‌ను సూక్ష్మజీవులు గంటల్లో ఊడ్చేస్తాయి. నిలిచేది పొడవాటి గొలుసులుగా అల్లుకున్న చక్కెరే. అది తియ్యగా ఉండదు, చీమలూ పట్టవు. ల్యాబులో మట్టిని ఆసిడ్‌లో వేడిచేస్తే ఆ గొలుసులు తెగి విడి చక్కెరలు బయటపడతాయి. ఒక్కో చక్కెరకు ఇంటిపేరు లాంటిది ఉంటుంది. అరబినోజ్, జైలోజ్ ఎక్కువగా మొక్కలవి. గెలాక్టోజ్, మానోజ్ ఎక్కువగా సూక్ష్మజీవులవి. ఈ రెండో జంట మొత్తాన్ని మొదటి జంట మొత్తంతో భాగిస్తే, జవాబు 0.5 కంటే తక్కువైతే మొక్కల వాటా ఎక్కువని, 2 దాటితే సూక్ష్మజీవులదని మోటుగా ఒక లెక్క. గ్లూకోజ్ అందరింట్లోనూ ఉంటుంది కాబట్టి సాక్ష్యానికి పనికిరాదు.

ఈ లెక్కను కళ్ళు మూసుకుని నమ్మితే మోసపోతాం. పైన్ లాంటి చెట్ల కలపలోనే మానోజ్ దండిగా ఉంటుంది. అక్కడ చెట్టు చక్కెరను బూజు ఖాతాలో రాసేసే ప్రమాదం ఉంది. అందుకే మ్యూరామిక్ ఆసిడ్‌ను కూడా వెతుకుతారు. అది బ్యాక్టీరియా గోడల్లో తప్ప మొక్కల్లో, శిలీంధ్రాల్లో ఉండదు.

సాధారణంగా పై ఆకుల పొరలో మొక్కల చక్కెరలదే పైచేయి. కింద మట్టిలోకి దిగేకొద్దీ సూక్ష్మజీవుల వాటా పెరుగుతుంది. ఆకు నుంచి వచ్చినా వేరు నుంచి వచ్చినా, ఆ కర్బనం చాలావరకు ఏదో ఒక సూక్ష్మజీవి ఒంట్లోంచి ఒకసారైనా వెళ్ళివచ్చిందే. అవి తింటాయి, పెరుగుతాయి, చుట్టూ జిగురు వదులుతాయి, చస్తాయి. ఆ జిగురు, కణాల గోడల ముక్కలు బంకమట్టి రేణువులకు, ఇనుప ఆక్సైడ్లకు అంటుకుని ఎంజైములకు అందకుండా నిలుస్తాయి.

ఆ జిగురును ఇంట్లోనే పరీక్షించొచ్చు. అడవి మట్టిగడ్డ ఒకటి, ఏళ్ళ తరబడి దున్నిన పొలం గడ్డ ఒకటి బాగా ఆరబెట్టి, రెండు గాజు గ్లాసుల నీళ్ళలో మెల్లగా వదలండి. పొలం గడ్డ చాలాసార్లు నిమిషాల్లోనే బుడగలు వదిలి, విచ్చుకుని, అడుగున బురదగా కూర్చుంటుంది. అడవి గడ్డ మీరు టీ తాగి వచ్చేసరికి కూడా గడ్డలాగే ఉంటుంది.