సున్నా మార్కుల సాక్ష్యం

నరసాపురం

బుజ్జికీ, మన సండే స్కూలు పిల్లలందరికీ తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్లో అడిగావు కదా: "తాతయ్యా, జీవులన్నీ ఒకదాన్నుంచి ఒకటి వచ్చాయని సైన్సు సారు చెప్పారు. దేవుడు ఆరు రోజుల్లో చేశాడని సండే స్కూల్లో చెప్పారు. సారుతో ఏమనాలి?"

ముందు నా సంగతి విను. తొమ్మిదో తరగతి పరీక్షలో డార్విన్ మీద ప్రశ్న వచ్చింది. "ఇది నేను నమ్మను, ఆదికాండము మొదటి అధ్యాయము చదువుకోండి" అని రాసి, పెన్నుకి క్యాపు పెట్టేసి వచ్చేశాను. సున్నా వేశారు. సింహాల గుహలోంచి బయటపడ్డ దానియేలులా ఇంటికొచ్చి, దేవుడి పక్షాన సాక్ష్యమిచ్చానని చెప్పాను. మా మామ్మ లేసు అల్లుకుంటోంది. తలెత్తకుండానే, "అసలు జవాబు తెలుసురా నీకు?" అంది. తెలీదు, చదవలేదు. "మరి అది సాక్ష్యమెలా అవుద్దిరా, బద్ధకం గాని!"

ఈ లేసు పని 1844లో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు మనవాళ్లకి నేర్పారంటారు. ఒక్క దారం, ఒక కొక్కెం సూది, అంతే. సూది పాత మెలికలో దూర్చి దారం లాగితే కొత్త మెలిక. ప్రతి మెలికా ముందుదాంట్లోంచే పుడుతుంది. కొస పట్టుకుని లాగితే జరజరా మొదటి ముడి దాకా ఊడొస్తుంది. (ఓసారి లాగాను. టేబులు గుడ్డ సగం పోయింది. నా వీపు సంగతి అడక్కు.) ఏ మెలిక దేంట్లోంచి వచ్చిందో ఒకాయన లెక్కగట్టాడనుకో, ఆ లెక్క సరైనదే కావచ్చు. అంతమాత్రాన మామ్మ లేదనగలడా? తప్పు పడితే మామ్మ విప్పి మళ్లీ అల్లేది, దేవుడూ అంతేనా అని నువ్వు అడుగుతావు. అక్కడ నా పోలిక చిక్కుపడింది, ఒప్పుకుంటున్నా.

ఇక రోజులంటావా, సూర్యుణ్ణి నాలుగో రోజున చేశాడని బైబిలు ఆదికాండములోనే ఉంది. మరి ముందు మూడు రోజుల్ని ఏ పొద్దు కొలిచింది? ఇరవైనాలుగు గంటలేననే పెద్దలు మన సంఘంలో ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. సృష్టి జరిగింది క్రీస్తుపూర్వం 4004లో అన్నది మాత్రం అషర్ అనే ఐర్లండు ఆర్చిబిషప్పు కట్టిన లెక్క, బైబిల్లో ఆ అంకె లేదు. విశ్వానికి ఒక ఆరంభం ఉందని 1931లో చెప్పిన లెమెట్ర్ కూడా పాదిరిగారే, బెల్జియం ఆయన.

కాబట్టి పాఠం బాగా చదువు, మార్కులు తెచ్చుకో. ఆపైన సారు అడిగితే నీ నమ్మకమేంటో చెప్పు, బైబిల్లో పేతురు అన్నట్టు సాత్వికముతో. నాలా కాదు.

ఆదివారం భీమవరం నుంచి వచ్చేయ్. కాలవగట్టు తాటిచెట్టుకి గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. మగపిట్ట పచ్చి వరాకు చీలిక తెచ్చి ముక్కుతోనే మెలికేస్తుంది. సగమయ్యాక ఆడపిట్ట వచ్చి చూసుకుంటుంది, నచ్చకపోతే తుర్రుమంటుంది. దానికి అల్లిక ఎవరు నేర్పారో చెప్పమంటే నావల్ల కాదు. గూటి కింద మాట్లాడకుండా నిలబడాలి. రాళ్లు వెయ్యకూడదు. గొడుగు తెచ్చుకో.

తాతయ్య