భాష రాని ఊళ్ళో బడి పెట్టినవాళ్ళు

చి. బుజ్జికీ, చి. చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్లో అన్నీ చెప్పింది. మీ బడికి కొత్తగా వచ్చిన సైన్సు మేడంకి తెలుగు ఒక్క ముక్క రాదట. బుజ్జి నన్ను అడగమన్న ప్రశ్న కూడా చెప్పింది: "భాష రాని ఊళ్ళో పాఠం ఎలా చెబుతారు? అసలు పొద్దున్నే లేచి పాలవాడితో ఏం మాట్లాడతారు?" మొదటి ప్రశ్న పెద్దవాళ్ళు కూడా అడుగుతారమ్మా. రెండోది మాత్రం పిల్లలకే తడుతుంది. అందుకే ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను.

భాష రాని ఊళ్ళోనే బడి పెట్టిన ఒక జంట సంగతి చెబుతాను. ఆయన కాల్విన్ మటీర్, ఆవిడ జూలియా. అమెరికావాళ్ళు. పెళ్ళయిన ఆర్నెల్లకే, 1863 జులై 3న, న్యూయార్కు రేవులో చైనాకి ఓడ ఎక్కారు. ఇద్దరికీ ముప్పై నిండలేదు. అప్పటికింకా సూయజ్ కాలువ తవ్వడం పూర్తికాలేదు. అందుకని ఆఫ్రికా ఖండమంతా చుట్టుకుని పోవాలి. అయిదున్నర నెలలు నీళ్ళమీదే ఉండి డిసెంబరులో షాంఘై చేరారు. అక్కడినుంచి ఉత్తరానికి ఇంకో ఓడ ఎక్కితే అది యాంటై దగ్గర మంచు తుఫానులో ఒడ్డున చిక్కుకుపోయింది. దిగి, మంచులో నడుచుకుంటూ పోయారు. చివరికి 1864 జనవరిలో షాన్‌డాంగ్ రాష్ట్రపు సముద్రతీరంలో ఉన్న డెంగ్‌జౌ అనే కోట ఊరు చేరుకున్నారు. ఇప్పుడు దాని పేరు పెంగ్లై. మ్యాపులో చూడండి, కొరియా వైపు ముక్కు చాచినట్టుండే ముక్క ఒకటి కనిపిస్తుంది, దాని పైఅంచున ఉంటుంది.

ఎందుకు వెళ్ళారంటే తమ మతం చెప్పడానికి. ఆ మాట మీ దగ్గర దాచను. తెల్లవాళ్ళు యుద్ధంలో చైనాని ఓడించి రాయించుకున్న ఒప్పందాల పుణ్యమా అని వాళ్ళకి ఆ ఊళ్ళో ఉండే హక్కు వచ్చింది. ఊరివాళ్ళు బొట్టుపెట్టి పిలవలేదు. ఇల్లు ఎవరూ అద్దెకివ్వని చోట, పాతబడ్డ గ్వాన్‌యిన్ గుడిలో కాపురం పెట్టారు. గ్వాన్‌యిన్ ఎవరనుకున్నారు? మన దేశంనుంచి బౌద్ధంతో పాటు వెళ్ళిన అవలోకితేశ్వరుడే. అక్కడికి పోయాక అమ్మవారి రూపం వచ్చింది. మనవాళ్ళు పంపిన దేవుడి గుడిలో అమెరికా కోడలు పొయ్యి వెలిగించిందన్నమాట.

పొయ్యి అన్నాను గనక, ముందు ఇంటి సంగతి. ఆ ఊళ్ళో చలి ఎముకలు కొరికేస్తుంది, సముద్రపు గాలి ఒకటీ. ఆ రోజుల్లో అక్కడి ఇళ్ళల్లో మంచాలుండేవి కావు. గది పొడుగునా ఇటుకలతో, మట్టితో కట్టిన అరుగు ఉండేది, కాంగ్ అంటారు. లోపల బోలుగా ఉంటుంది. వంటపొయ్యి పొగ ఆ బోలులోంచి తిరిగి బయటికి పోతుంది, అరుగు వెచ్చబడుతుంది. పొయ్యిలోకి జొన్నచొప్ప, ఆకులూ అలములూ. డబ్బున్నవాళ్ళు బొగ్గుపొడిని బంకమట్టితో కలిపి ఉండలు చేసి ఎండబెట్టుకునేవారు. తిండి ఏమిటంటే కొర్రగంజి, జొన్న, గోధుమపిండితో ఆవిరిమీద ఉడికించిన ఉండలు, చిలగడదుంపలు. కొర్రలు మనం ఇప్పుడు షుగరు మందని కిలో ఇంత అని కొనుక్కుంటున్నామే, అవి అప్పట్లో అక్కడ పేదవాడి పొద్దుటి గంజి. ఇక బుజ్జి ప్రశ్నకి సగం జవాబు ఇదిగో: అక్కడ పాలవాడు లేడు! ఆ రోజుల్లో ఆ వైపు రైతులు పాలూ పెరుగూ ముట్టేవారు కాదు. గొడ్డు ఉంటే దుక్కి దున్నడానికే.

పాలు తాగని ఊరి గురించి చెబుతూ పెరుగు ఉపమానం వాడితే మీ అమ్మమ్మ నవ్వుతుంది. అయినా వాడతాను, ఎందుకంటే పాఠం చెప్పడమంటే పాలకి తోడు పెట్టడమే. గిన్నెడు పాలల్లో చెంచాడు పెరుగు వేస్తావు. వేసిన క్షణాన ఏమీ జరగదు, పాలు పాలుగానే ఉంటాయి. కలియబెట్టి మూతపెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది. మరీ చల్లగా ఉంటే తెల్లారినా నీళ్ళనీళ్ళగానే ఉంటుంది. తోడు ఎక్కువైతే పులిసిపోతుంది. పదిసార్లు మూత తీసి చూసేవాళ్ళింట్లో పెరుగు ఎప్పుడూ గట్టిగా తోడుకోదు, చిన్నోడు వింటున్నాడా?

మరి ఆ ఊరికీ ఆ దంపతులకీ మధ్య తోడు ఎవరు, పాలు ఎవరు? ఊరు పాలు, వాళ్ళు తోడు అనుకుంటాం. మొదటి నెలల్లో అంతా తారుమారు. ఒక చైనా పంతులు గారిని కుదుర్చుకుని ఆయన ఎదుట కూర్చుని, ఆయన ఏమంటే అది పలకడమే వాళ్ళ పని. ఒకే మాట గొంతు ఎత్తి అంటే ఒక అర్థం, దించి అంటే వేరొకటి. చదువుకుని వచ్చిన మొగుడూపెళ్ళాలు ఒకటో క్లాసు పిల్లలై కూర్చున్నారు. తోడు పెట్టడానికి వచ్చినవాళ్ళకే ముందు తోడు పడింది.

1864 సెప్టెంబరులో బడి తెరిచారు. ఎంతమంది వచ్చారనుకున్నారు? ఆరుగురు మగపిల్లలు. అదీ ఇంట్లో తిండికి గడవని వాళ్ళు. అన్నం, బట్టలు, పుస్తకాలు అన్నీ బడిదే భారం. కలిగినవాళ్ళెవరూ పంపలేదు. తెల్లవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోయి మందుల్లో వాడతారని దేశమంతా పుకారు. నవ్వకండి. నా చిన్నప్పుడు కాలవ మీద వంతెన కడుతుంటే, పునాదిలో వెయ్యడానికి పిల్లల్ని పట్టుకుపోతున్నారని మా వీధిలో పొద్దుగూకితే తలుపులు వేసేవారు. కొత్త మనిషి గోనెసంచితో కనిపిస్తే చాలు, మేం గోడ దూకి ఇంట్లో పడేవాళ్ళం. వాడు పాపం చింతపండు అమ్ముకునేవాడు. డెంగ్‌జౌలో పుకార్లు అంతకంటే ముదిరాయి. 1870లో తియాన్‌జిన్ నగరంలో తెల్లవాళ్ళని చంపేశారు. ఆ భయంతో వీళ్ళు కూడా కొన్నాళ్ళు ఊరు విడిచి యాంటైకి పోవలసి వచ్చింది. మళ్ళీ తిరిగొచ్చారు.

మొదట్లో ఆ బడి నడిపింది ఎక్కువగా జూలియాయే. కాల్విన్ నెలల తరబడి పల్లెలు తిరిగేవాడు. గాడిద మీద కొంత దూరం, ముందొకటి వెనకొకటి కంచరగాడిదలు మోసే డోలీలో కొంత దూరం, రాత్రికి సత్రంలో పదిమందితో కలిసి ఒకే కాంగ్ మీద పడక. ఇంటిదగ్గర ఆవిడ దినచర్య చూస్తే మనకే ఆయాసం వస్తుంది. బియ్యమో పిండో తూచి ఇవ్వాలి. చలికాలం రాకముందే పిల్లలందరికీ దూది కుట్టిన అంగీలు తయారుకావాలి. ఎవడికైనా జ్వరమొస్తే పక్కన కూర్చోవాలి, గజ్జి పుడితే మందు రాయాలి. మధ్యలో భూగోళం చెప్పాలి, లెక్కలు చెప్పాలి, పాట నేర్పాలి. పాశ్చాత్య సంగీతం రాసుకునే పద్ధతి గురించి 1872లో చైనా భాషలో పుస్తకమే వేసింది. ఆ దంపతులకి పిల్లలు లేరు. ఆవిడ అరవయ్యో పుట్టినరోజుకి పాత శిష్యులంతా చేరి, పెద్ద పలకమీద గౌరవంగా రాయించి తెచ్చి వేడుక చేశారు. మన షష్టిపూర్తే. అరవై ఏళ్ళకి ఒక చుట్టు తిరిగిందని మనమూ లెక్కపెడతాం, చైనావాళ్ళూ లెక్కపెడతారు.

బడిలో చైనా పంతులు కూడా ఉండేవాడు. వాళ్ళ పాత గ్రంథాలు ఆయన దగ్గర వల్లెవెయ్యాలి. ఎలాగంటే అందరూ ఒక్కసారే, ఎవరి పాఠం వాళ్ళు, గొంతు చించుకుని. అప్పజెప్పేటప్పుడు పంతులు వైపు వీపు పెట్టి నిలబడాలి, పుస్తకంలోకి తొంగిచూడకుండా. నాకు ఈ సంగతి చదివినప్పుడు మా బడి గుర్తొచ్చింది. మేమూ సాయంత్రం బడి వదిలేముందు ఎక్కాలు అంతే గట్టిగా అరిచేవాళ్ళం. పదమూడో ఎక్కం దగ్గర సగంమంది పెదాలు మాత్రమే ఆడించేవారు. పంతులుగారికి తెలుసు. ఆయన కళ్ళు మూసుకుని, ఎవడి గొంతు తగ్గిందో విని, వాడినే లేపేవాడు.

నాకు కాల్విన్ మటీరులో బాగా నచ్చిన గుణం చేతిపని. రైతుబిడ్డ. ఇంటివెనక పనిశాల పెట్టాడు, కొలిమి, లేతు అన్నీ. కరెంటు పాఠం చెప్పాలంటే సామాను తానే తయారుచేసి చూపించేవాడు. ఆవిరియంత్రం, డైనమో, టెలిస్కోపు, అన్నీ ఆ మూల ఊరి పిల్లలు కళ్ళారా చూశారు. రెండో గుణం, ఆయన ఇంగ్లీషు నేర్పనన్నాడు. ఇంగ్లీషు వస్తే రేవుల్లో మంచి జీతాలు దొరుకుతాయని పిల్లలూ అడిగారు, తోటి తెల్లవాళ్ళూ పోరారు. ఆయన వినలేదు. రేఖాగణితం గానీ రసాయనశాస్త్రం గానీ వాళ్ళ భాషలోనే చెప్పాలని పట్టుబట్టాడు. వాళ్ళ భాషలో పుస్తకాలు లేకపోతే తానే రాశాడు. ఇంగ్లీషు మీడియం తాతలకీ తండ్రులకీ ఈ ముక్క కాస్త గుచ్చుకుంటుంది, గుచ్చుకోనీ.

పదేళ్ళు దాటాక ఆ బడినుంచి చదువు పూర్తిచేసి బయటికొచ్చిన మొదటి జట్టులో ముగ్గురే. ఆ ముగ్గురిలో జౌ లీవెన్ అనే ఆయన సాయంతో మటీర్ రాసిన లెక్కల పుస్తకం 1892లో వచ్చింది, కాగితం మీద కలంతో చేసే లెక్కలు. అప్పటిదాకా అక్కడి దుకాణాల్లో, ఇళ్ళల్లో లెక్క అంటే పూసల చట్రమే. ఆ పుస్తకంలో వాడిన అంకెలు 1, 2, 3. అవి పుట్టింది మన దేశంలో. మననుంచి అరబ్బులకి, వాళ్ళనుంచి ఐరోపాకి, అటునుంచి అమెరికాకి, చివరికి డెంగ్‌జౌకి. అంతకుముందు ఒకసారి మనవాళ్ళ వంశపు జ్యోతిష్కుడే గౌతమ సిద్ధ అనే ఆయన, 718లో, చైనా రాజధాని చాంగాన్‌లో కూర్చుని ఈ అంకెల్ని, సున్నాకి చుక్క పెట్టడంతో సహా, వాళ్ళ భాషలో వివరించి పెట్టాడు. ఎవరూ వాడలేదు. వాళ్ళకి లెక్కపుల్లలున్నాయి, వాటితో హాయిగా గడిచిపోతోంది. ఆ తోడు అప్పుడు తోడుకోలేదు, అంతే. వెయ్యేళ్ళు దాటాక మటీర్ లాంటివాళ్ళు మళ్ళీ వేస్తే తోడుకుంది. పాలు అవే, పెరుగూ అదే, ఈసారి వెచ్చదనం కుదిరింది.

అయితే నా ఉపమానం ఇక్కడ నిలబడదు. పెరుగు పాలని పెరుగు చేస్తుంది గానీ పాలు పెరుగుని మళ్ళీ పాలు చెయ్యలేవు. వీళ్ళ విషయంలో రెండూ జరిగాయి. నలభై నాలుగేళ్ళు ఆ దేశంలో ఉండి, అక్కడి మాటే మాట్లాడి, 1908లో అక్కడే కన్నుమూశాడు మటీర్. బడి పెరిగి కాలేజీ అయింది, తర్వాత ఇంకో ఊరు మారి వేరే బడులతో కలిసి విశ్వవిద్యాలయమైంది. మతం కోసం పెట్టిన బడినుంచి లెక్కల పంతుళ్ళు దేశమంతా వెళ్ళారు. ఏది తోడుకుంటుందో తోడు వేసిన చేతికి తెలుస్తుందా? నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇంతకుమించి వివరించలేను.

మీ మేడం సంగతి. ఆవిడకి రోజుకో తెలుగు మాట మీరే నేర్పండి. పాలవాడితో మాట్లాడే మాటలు ముందు: పాలు, చిల్లర, రేపు, వద్దు. నవ్వొచ్చినా నవ్వకండి, నవ్వితే కూడా కలిసి నవ్వండి.

ఆదివారం ఇంకో పని చెయ్యండి. మూడువందల అయిదుని ఇరవై ఏడుతో గుణించాలి. కానీ అంకె ఒక్కటీ రాయకూడదు, అన్నీ అక్షరాల్లోనే రాయాలి. ఫోను ముట్టుకోకూడదు. బుజ్జి కాగితం మీద చెయ్యాలి, చిన్నోడు కావాలంటే చింతపిక్కలు పరుచుకుని చెయ్యొచ్చు. ఎవరికి ముందు వస్తే వాళ్ళు నాకు ఫోను చెయ్యండి. సాయంత్రం నాలుగు దాటాక చెయ్యండి, అంతవరకు నిద్రలో ఉంటాను.

ఉంటాను మరి,
మీ తాతయ్య