ప్రాసెసర్ వేగాన్ని ఏ గడియారంతో కొలవాలి?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత కంప్యూటరు కొనేవారు దాని మీద 2.66 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంటే అదే దాని వేగమని నమ్ముతారు. నిజానికి పని తగ్గినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఫ్రీక్వెన్సీ స్కేలింగ్ డ్రైవర్, అంటే ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే ప్రోగ్రాం, ఆ వేగాన్ని దించుతుంది, పని పెరిగితే ఎక్కిస్తుంది. మన మే నెల ఎండలకు చిప్ బాగా వేడెక్కితే హార్డ్‌వేరే తనంతట తాను తగ్గించుకుంటుంది. కాబట్టి ఇప్పుడున్న వేగమెంతో డ్రైవర్‌కు సరిగ్గా తెలిసి తీరాలి.

పాత పద్ధతిలో బస్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే దారి) వేగాన్ని, ప్రాసెసర్ దానికి ఎన్ని రెట్లు నడుస్తుందో చెప్పే గుణకంతో హెచ్చవేసేవారు. బస్ వేగం 133.33 మెగాహెర్ట్జ్ అయితే, దాన్ని 133గా తీసుకుని 20తో హెచ్చవేస్తే 2660 వస్తుంది, అసలు విలువ దాదాపు 2667. తేడా చిన్నదే అయినా, డ్రైవర్ తన వేగాల పట్టికలోని విలువతో పోల్చి చూసుకున్నప్పుడు రెండూ కలవవు.

ఇంతకంటే నమ్మదగినది కొలత. 1993లో వచ్చిన పెంటియమ్‌తో మొదలైన టీఎస్‌సీ (టైమ్ స్టాంప్ కౌంటర్) అనే లెక్కింపు రిజిస్టరు ఒక్కో క్లాక్ చక్రానికి, అంటే ప్రాసెసర్ గడియారపు ఒక్కో టిక్కుకు, ఒక్కో అంకె పెరిగేది. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి వారసత్వంగా వచ్చిన టైమర్ సెకనుకు 11,93,182 సార్లు కొట్టుకుంటుంది గనుక, ఆ టైమర్ కొంత దూరం లెక్కపెట్టేలోగా టీఎస్‌సీ ఎంత పెరిగిందో చూస్తే వేగం తేలుతుంది. అయితే ఆ మధ్యలో ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) తన పనికోసం ప్రాసెసర్‌ను లాక్కుంటే కొలత చెడుతుంది. అందుకే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ మళ్లీ కొలిచి, తేడాగా ఉన్నవాటిని పక్కన పెడుతుంది.

తర్వాతి ప్రాసెసర్లలో టీఎస్‌సీ స్థిరమైన రేటుతో నడవడం మొదలైంది. సమయం చెప్పడానికి అది ఎంతో మేలు, కానీ ఇప్పుడున్న వేగం దానివల్ల తెలియదు. అందుకే ఏపెర్ఫ్, ఎంపెర్ఫ్ అనే రెండు లెక్కింపులు వచ్చాయి: మొదటిది అసలు వేగంతో, రెండవది స్థిరమైన రేటుతో పెరుగుతాయి, వాటి నిష్పత్తిని మూల వేగంతో హెచ్చవేస్తే సగటు వేగం వస్తుంది. ప్రాసెసర్ నిద్రపోతే రెండూ ఆగిపోతాయి, పటాన్‌చెరు బస్సు వేగాన్ని స్టాపుల్లో ఆగిన సమయం తీసేసి లెక్కకట్టినట్టు.

ఈ పట్టింపు అతి అనిపించవచ్చు, కానీ నా దృష్టిలో ఇది అత్యవసరం. హార్డ్‌వేర్ కోసం కొన్ని మైక్రోసెకన్లు ఆగడానికి ఖాళీగా చుట్టు తిరిగే కోడ్‌పై ఆధారపడిన యంత్రాల్లో, డ్రైవర్ వేగాన్ని తక్కువగా లెక్కిస్తే ఆ విరామం చాలక ఎదుటి పరికరం సిద్ధం కాకముందే ఆదేశం వెళ్తుంది. లినక్స్‌లో స్వయంగా పరీక్షించేవారు ఒకటి గమనించాలి: స్కేలింగ్_కర్_ఫ్రెక్ ఫైలు చాలా డ్రైవర్లలో చివరిగా అడిగిన వేగాన్నే చూపిస్తుంది, హార్డ్‌వేర్ చెప్పిన వేగం, అది లభించే యంత్రాల్లో, సీపీయూఇన్ఫో_కర్_ఫ్రెక్‌లో కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది.